నాటు గుడ్లు

పొద్దున్నే లింగాలలో గోవిందమ్మ కోళ్ల కిందనుంచి గుడ్లు తీసి బుట్టలో సర్దుకోవాలి. పులివెందులలో ఒక బస్సు, జమ్మలమడుగులో ఇంకో బస్సు పట్టుకుని మధ్యాహ్నానికల్లా ప్రొద్దుటూరు చేరాలి. మహమూదా ఆ రోజుకు వేసుకున్న పథకం ఇంతే. కోడి పొడవకుండా గుడ్లు తీయడమే ఇందులో కష్టమైన పని అనుకుంది. అందుకే ముందు రోజు సాయంత్రమే లింగాల వచ్చి గోవిందమ్మ ఇంట్లో పడుకుంది.

ఆమె ప్రొద్దుటూరులో ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు కాలి మీద పుండ్లు ఎందుకు మానవన్నది ఆమె పరిశోధన. తల్లికి ఆ జబ్బుతోనే ఒక కాలు తీసేశారు. పుండు మానాలంటే అక్కడికి కొత్త రక్తనాళాలు పెరిగి రావాలి. అవి పెరగడాన్ని మనిషి ఒంట్లోకి దూరి చూడలేం గానీ పొదిగే గుడ్డులో చూడవచ్చు. పెంకు మీద గోరంత కిటికీ కోస్తే, లోపల పల్చటి పొర మీద నాళాలు అల్లుకుంటూ కనిపిస్తాయి. ఆ పొర మీద ఆకు పసరు చుక్క వేసి, నాళాలు దాని వైపు తిరుగుతాయా లేదా అని చూడాలి. దీనికి అంగట్లో దొరికే ఫారం గుడ్లు పనికిరావు. అవి పుంజు మొహం చూడని కోళ్లు పెట్టినవి. ఎన్నాళ్లు పొదిగినా వాటిలో ఏదీ పుట్టదు. పుంజులు తిరిగే ఇంట్లో పెట్టిన నాటు గుడ్లే కావాలి.

కాలేజీలో గుడ్లు పొదిగే పెట్టె ఒకటి ఉంది. కాలేజీ మిద్దె ఎక్కితే కలమల్ల దగ్గరి కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడ పుట్టిన కరెంటు మాత్రం కాలేజీని పక్కన పెట్టి ఇంకెక్కడికో పోయేది. కిందటిసారి పెట్టె చల్లబడి లోపలి గుడ్లన్నీ చెడిపోయాయి. ఆమె గుడ్లు తెచ్చే రోజు సాయంత్రమే విశ్వవిద్యాలయం నుంచి పెద్దలు పరిశోధన చూడటానికి వస్తున్నారు. చూపించడానికి ఏమీ లేకపోతే పరిశోధన ఆగిపోతుంది, ఆ గదిలో విరిగిన బెంచీలు పెడతారు. అందుకని గోవిందమ్మను బతిమాలి, ఆమె కోళ్ల కింద ముందుగానే గుడ్లు పెట్టించింది.

“ఇవి కోడి కింద ఉన్నట్టే వెచ్చగా ఉండల్లమ్మా. తలకిందులు కాకూడదు. కుదుపు తగలకూడదు” అంది గోవిందమ్మ. బుట్ట అడుగున వేడి చేసిన వరిపొట్టు పోసింది. పక్కన కాగిన నీళ్ల సీసా పెట్టి, పైన తమ గొర్రెల ఉన్నితో నేసిన నల్ల గొంగళి కప్పింది. మహమూదా ఆ బుట్టను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని పులివెందులలో జమ్మలమడుగు బస్సు ఎక్కింది.

పక్క సీటులో పెద్ద మీసాల మనిషి ఒకడు కూర్చున్నాడు. పేరు కుళ్లాయప్ప. జమ్మలమడుగు వైపు యల్లయ్య అనే నాయకుడి దగ్గర తిరిగే మనిషి. అతనికి ఆడవాళ్లంటే మర్యాద.

“అమ్మా, ఆ బుట్ట ఇట్లియ్యి. పైన పెడతా.”

“వద్దన్నా, ముట్టుకోవద్దు. కుదుపు తగిలితే అన్నీ పోతాయి.”

కుళ్లాయప్ప చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. “ఏముండాయమ్మా అందులో?”

“గుడ్లు.”

ఎన్నికలు దగ్గర పడుతున్న రోజులు. ఆ దారిలో పేలే వస్తువులను వాటి అసలు పేరుతో ఎవరూ పిలిచేవారు కారు. కుళ్లాయప్ప గొంతు తగ్గించాడు.

“నాటువా?”

“నాటువే. అంగట్లో దొరికేటివి నా పనికి రావు.”

“యాడివి?”

“లింగాలవి. గోవిందమ్మ అని ఒగామె ఉంది. శానా నేర్పరి. ఆయమ్మ చేత్తో పెట్టిన దాంట్లో ఒగటి కూడా దండగ పోదు.”

లింగాలలో ఇంత పనితనం ఉన్న ఆడమనిషి ఉన్నట్టు కుళ్లాయప్పకు ఇంతవరకు తెలియదు. “ఇప్పుడు యాడికి తీసకపోతాండావు?”

“ప్రొద్దుటూరుకు. సాయంత్రం పెద్దోళ్లు వస్తాండారు. వాళ్ల ముందర పగలగొట్టి చూపియ్యల్ల.”

“ముందరేనా?”

“మరి దూరం నుంచి చూస్తే ఏం తెలుస్తాది అన్నా. దగ్గరికి పిలిచి, వంగి చూడమని చెప్పి, అప్పుడు పగలగొడతా. నెత్తురు ఎట్ల పాకుతాదో కండ్లారా చూస్తేనే నమ్ముతారు.”

కుళ్లాయప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తన పరిశోధన గురించి ఇంత శ్రద్ధగా అడిగిన మనిషి మహమూదాకు కాలేజీలో కూడా దొరకలేదు. అతను లేచి సీటంతా ఆమెకే వదిలేశాడు. ముందు సీటువాళ్ల చెవిలో ఏదో చెప్పాడు. వాళ్లూ లేచారు. తర్వాత డ్రైవరు దగ్గరికి పోయి అతని చెవిలోనూ ఏదో చెప్పాడు. అప్పటినుంచి బస్సు ఎంత మెత్తగా నడిచిందంటే, ఎదురుగా గుంత కనిపిస్తే డ్రైవరు బండి ఆపి, దిగి, దాని లోతు చూసి వచ్చి ఎక్కాడు. శనక్కాయల బస్తాలు వేసుకున్న ఎద్దులబండి ఒకటి వాళ్లను దాటి పోయింది. పల్లెల వాళ్లకు చదువంటే ఎంత గౌరవమో అని మహమూదా మురిసిపోయింది.

ముద్దనూరులో కుళ్లాయప్ప దిగిపోయాడు. ఆ తర్వాత జరిగింది ఆమెకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

జమ్మలమడుగు చుట్టుపక్కల యల్లయ్యది ఒక వర్గం, రామసుబ్బయ్యది ఇంకో వర్గం. వరసకు మామా అల్లుళ్లు. వాళ్ల తండ్రుల నాడు మొదలైన కక్ష వీళ్ల చేతికి వచ్చేసరికి ఎన్నో ఇళ్లలో మగవాళ్లు లేకుండా పోయారు. ఎన్నికల పుణ్యమా అని ఇద్దరూ ఒకే పార్టీలో చేరారు గానీ, ఒకే రోడ్డు మీద మాత్రం నడిచేవారు కారు. ఆ సాయంత్రం పార్టీ పెద్దలు హైదరాబాదు నుంచి వచ్చి, ప్రొద్దుటూరు గెస్టుహౌసులో ఇద్దరికీ రాజీ చేయబోతున్నారు. కుళ్లాయప్ప విన్న పెద్దోళ్లు వాళ్లే అయ్యారు.

అతను ఎస్టీడీ బూతులోకి పోయి యల్లయ్యకు ఫోను చేశాడు. “అప్పా, రామసుబ్బయ్య బస్సులో సరుకు తెప్పిస్తాండాడు. బుట్టెడు. ఆడమనిషి చేత. రాజీ కాడ పెద్దోళ్లను వంగి చూడమని చెప్పి పగలగొడతాదంట. మనోళ్లను బస్టాండుకు పంపీ.”

బూతు నడిపేవాడు రామసుబ్బయ్య మనిషి. తలుపు అద్దంలోంచి అతనికి సగమే వినిపించింది. కుళ్లాయప్ప బయటికి పోగానే అతను రామసుబ్బయ్యకు ఫోను చేశాడు. “అన్నా, యల్లయ్యకు బస్సులో బుట్టెడు సరుకు వస్తాంది. దించుకునేదానికి మనుషులను పంపుతాండారు.”

బస్సు మెల్లగా నడుస్తున్నందువల్ల రెండు వర్గాలకూ తీరిగ్గా పోగయ్యేందుకు కావలసినంత సమయం దొరికింది. జమ్మలమడుగు ఎస్ఐ అబ్దుల్ సత్తార్‌కు కూడా రెండు ఫోన్లు వచ్చాయి. రెండింటిలోనూ అదే బస్సు, అదే బుట్ట. పంపినవాడి పేరే వేరు.

బస్సు స్టాండులోకి రాగానే ప్రయాణికులు తలుపుల్లోంచే కాక కిటికీల్లోంచి కూడా దిగారు. మహమూదా అందరికంటే చివర మెల్లగా దిగి, నీడలో ఉన్న సిమెంటు అరుగు మీద బుట్ట పెట్టింది. చుట్టూ అంగళ్ల షట్టర్లు దించి ఉన్నాయి. ఏదో బంద్ కాబోలు అనుకుంది. సీసాలో నీళ్లు చల్లారాయి. ఆమె టీ అంగడి దగ్గరికి పరిగెత్తింది. అంగడివాడు బల్ల కింద ఉన్నాడు.

“అన్నా, కాగిన నీళ్లు కావల్ల. ఆలస్యమైతే అంతా పాడైపోతాది.”

“పొయ్యితో సహా తీసకపో తల్లీ” అన్నాడు బల్ల కిందనుంచి.

నీళ్లు నింపుకుని తిరిగి వచ్చేసరికి అరుగుకు ఒక పక్క యల్లయ్య జీపులు, ఇంకో పక్క రామసుబ్బయ్య జీపులు నిలబడ్డాయి. యల్లయ్య ఒక కాలికి మందపాటి కట్టుతో జీపు దిగి, కర్ర ఆనించి నిలబడ్డాడు. రామసుబ్బయ్య తెల్ల చొక్కా చేతులు మడిచి నిలబడ్డాడు. వాళ్ల వెనక ఉన్న మనుషుల చేతులు చొక్కాల కింద ఉన్నాయి. మధ్యలో సత్తార్, కానిస్టేబుళ్లు, నీళ్లు నింపిన పెద్ద ఇనప డ్రమ్ము.

“నీ సరుకు నువ్వు తీసకపోరా, పెద్దోళ్ల ముందర నా పరువు తీయాలనుకుంటివా” అన్నాడు యల్లయ్య.

“నాది యాడిదప్పా? అది నీది. నువ్వే తీసకపో” అన్నాడు రామసుబ్బయ్య.

గట్టు మీద మొలిచిన తుమ్మ చెట్టును కూడా నాదంటే నాదని కొట్లాడుకున్న ఇద్దరూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక వస్తువును నీదంటే నీదని కొట్లాడుకుంటున్నారు. అది తనదని చెప్పడానికి మహమూదా నోరు తెరిచింది గానీ ఆ అరుపుల్లో ఎవరికీ వినపడలేదు.

సత్తార్ ఆమెను చూసి చేత్తో ఆగమన్నాడు. “బేటీ, ఆ బుట్ట దగ్గరికి పోవద్దు. మావాళ్లు దాన్ని నీళ్లలో ముంచుతారు. నువ్వు ఇట్ల పక్కకు వచ్చెయ్యి.”

మహమూదా ఆ మాట విని, అందరూ చూస్తుండగా పోయి, రెండు చేతులతో బుట్ట మీద వంగిపోయింది. రెండు పక్కలా జనం వెనక్కి తగ్గారు.

“నీళ్లలో ముంచితే చచ్చిపోతాయి సార్.”

సత్తార్ చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. “ఏమంటివి?”

“చచ్చిపోతాయంటాండా. అన్నీ ప్రాణంతో ఉండాయి. వాటికి ఇప్పుడిప్పుడే కండ్లు వస్తాండాయి.”

సత్తార్ తన సర్వీసులో చాలా రకాలు చూశాడు. కళ్లు వచ్చేవి మాత్రం చూడలేదు.

“ఏందమ్మా అవి, సరిగ్గా చెప్పు.”

“కోడిగుడ్లు సార్. పొదుగుకు పెట్టినవి.”

ఎవరూ నవ్వలేదు. నమ్మలేదు కాబట్టి నవ్వలేదు. మూత తీసి చూపించమన్నాడు సత్తార్. ఈ ఎండలో, గాలిలో తీయలేనని ఆమె అంది. తలుపు మూసుకునే చీకటి గది కావాలి, ఆయన టార్చి లైటు కావాలి. పక్కనే పార్సిలు గది ఉంది. ఆమెతో లోపలికి ఎవరు పోవాలి? డ్యూటీ కాబట్టి సత్తార్‌కు తప్పలేదు. పోలీసుకూ ఆ ఆడమనిషికీ లోపల ఏం ఒప్పందం జరుగుతుందోనని యల్లయ్య తానూ వస్తానన్నాడు. వాడు పోతే నేనూ పోతా అన్నాడు రామసుబ్బయ్య. నలుగురూ లోపలికి పోయాక తలుపు మూసుకుంది.

గదిలో గోనె సంచుల వాసన. మహమూదా గొంగళి పక్కకు తీసి, ఒక గుడ్డును రెండు చేతుల్లోకి తీసుకుంది. అది ఇంకా వెచ్చగా ఉంది. ఆమెకు ఊపిరి ఆడింది. టార్చి వెలిగించి, దాని మూతి మీద గుడ్డు నిలబెట్టింది.

పెంకు ఉన్నట్టే అనిపించలేదు. గుడ్డంతా పండిన నారింజ రంగు వెలుగైపోయింది. ఆ వెలుగులో ఒక చోట నుంచి ఎర్రటి దారాలు బయలుదేరి నాలుగు దిక్కులకూ పోతున్నాయి. పోయేకొద్దీ చీలుతూ, మళ్లీ చీలుతూ, చివరికి చూపుకు అందనంత సన్నబడి పెంకు అంచుల దాకా అల్లుకున్నాయి. నడుమ నల్లటి చుక్క ఒకటి ఉంది. దాని పక్కన నువ్వు గింజంత ఎరుపు ఆగకుండా కొట్టుకుంటోంది. అది కొట్టుకున్నప్పుడల్లా దారాలన్నీ కొంచెంగా అదిరాయి.

మహమూదా దీన్ని చాలాసార్లు చూసింది. చూసిన ప్రతిసారీ చెప్పాలనుకున్న మాట మరిచిపోయేది. ఇప్పుడూ మరిచిపోయింది. బయట జనం గొణుగుడు, కానిస్టేబుళ్ల బూట్ల చప్పుడు ఎక్కడో దూరమైపోయాయి.

“యా అల్లా” అన్నాడు సత్తార్ మెల్లగా.

“ఆ కొట్టుకునేది ఏందమ్మా?” రామసుబ్బయ్య గొంతు గుసగుసలా వచ్చింది.

“గుండె.”

“పిల్ల ఇంకా కాలేదు కదా.”

“పిల్ల ఇంకా కాలేదు. గుండె ముందరే వచ్చేసింది. నెత్తురు దోవలు వేసుకుంటాంది.”

“యాడికి పోవల్లనో దానికి ఎవురు చెప్పినారు?”

“నేను సదివేది అదే సార్. పూర్తిగా ఎవరికీ తెల్దు. యాడ ఊపిరి చాలదో ఆడినుంచి పిలుపు వస్తాదంట. ఆ పక్కకు కొత్త దోవ చీలుతాది.”

రామసుబ్బయ్య ఇంకొంచెం ముందుకు వంగాడు. “మామా, జరుగు. నీ నీడ పడతాంది” అన్నాడు. ఆ వరస అతని నోట్లోంచి వచ్చి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు. యల్లయ్య జరిగాడు. జరగడానికి కాలు సహకరించక, పక్కనున్న భుజం పట్టుకున్నాడు. అది రామసుబ్బయ్య భుజం. ఇద్దరూ గమనించలేదు.

“నేను నెత్తురు చూడనోడిని కాదమ్మా” అన్నాడు రామసుబ్బయ్య. “మా తమ్ముడిది చూసినా. శానా మందిది చూసినా. అంతా నేల మీద పారేదే. ఇట్ల లోపల ఉండి పని చేసేది ఈ పొద్దే చూస్తాండా.”

యల్లయ్య తన కట్టు వైపు చూసుకున్నాడు. “చక్కెర జబ్బుతో ఏడాదిగా మానలేదమ్మా ఇది. నా కాలికి ఈ దోవ యాడ తెగినాది?”

“చక్కెర ఉంటే ఆ పిలుపు నెత్తురుకు సరిగా వినపడదు సార్. మా అమ్మకూ అట్లే కాలు తీసేసినారు. పిలుపు వినిపించే ఆకు ఏమన్నా ఉందేమోనని వెతుకుతాండా.”

“దొరికిందా?”

“ఇంకా లేదు. వెతికేదానికే ఈ గుడ్లు.”

ఆయన తల ఊపాడు. ఇంకో గుడ్డు చూపించమని ఎవరూ అడగలేదు. ఆ ఒక్కదాన్నే చూస్తూ నిలబడ్డారు.

బయట మాత్రం తలుపు ఎంతకూ తెరుచుకోక, లోపల తమవాడిని అవతలివాడు ఏదో చేసేశాడని రెండు వర్గాలకూ ఒకేసారి తోచింది. చొక్కాల కింద ఉన్న చేతులు బయటికి వచ్చాయి. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు సత్తార్, ఆయన వెనక బుట్టతో మహమూదా, ఆ వెనక ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఇద్దరు నాయకులు వచ్చారు.

“ఎవుడూ అరవొద్దు” అన్నాడు యల్లయ్య. “దగ్గొద్దు కూడా.”

బస్సులో పంపితే కుదుపు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరి జీపు అన్న దగ్గర మళ్లీ మాట పెరిగింది. నీ జీపుకు స్ప్రింగులు యాడుండాయని ఒకరు, నీ డ్రైవరు తాగుబోతని ఒకరు. చివరికి బుట్ట పోలీసు జీపులో, మహమూదా ఒళ్లో, ముందొక వర్గం, వెనకొక వర్గం అని తేలింది. బయలుదేరే ముందు మహమూదా సత్తార్‌ను అడిగింది. “సార్, చుట్టూ వచ్చే జీపుల్లో ఏమన్నా పేలితే ఆ అదురుకు నా గుడ్లు పోతాయి కదా?”

ఆ మాట ఇద్దరు నాయకులకూ వినిపించింది. వాళ్లే తమ మనుషులకు సైగ చేశారు. జీపుల సీట్ల కిందనుంచి తీసినవన్నీ జాగ్రత్తగా ఒక్కొక్కటే తెచ్చి, సత్తార్ తెప్పించిన డ్రమ్ములో ముంచారు. తెచ్చిన నీళ్లు దండగ కానందుకు కానిస్టేబుళ్లు సంతోషించారు.

రెండు వర్గాల జీపులు ఒకే వరసలో, మనిషి నడకతో ప్రొద్దుటూరు బజారులోకి రావడం చూసి, బంగారు అంగళ్లవాళ్లు అడగకుండానే షట్టర్లు దించేశారు. కాలేజీలో విశ్వవిద్యాలయం పెద్దలు టీ తాగుతున్నారు. కిటికీలోంచి తెల్ల చొక్కాల గుంపు లోపలికి రావడం చూసి ఒకాయన బాత్రూములోకి పోయి గడియ పెట్టుకున్నాడు. మహమూదా వచ్చి, ఇవి నాటు గుడ్లేనని, భయం లేదని తలుపు బయటినుంచి చెప్పేదాకా ఆయన రాలేదు. నాటు అన్న మాట విన్నాక ఇంకొంచెం ఆలస్యం చేశాడు.

ఆమె గుడ్డు మీద కిటికీ కోసి, పసరు చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పెద్దలు చూశారు. చూసి, లేవడం మరిచిపోయి మళ్లీ చూశారు. వాళ్ల వెనక యల్లయ్య మనుషులు, రామసుబ్బయ్య మనుషులు కలిసి వరస కట్టి, తమ వంతు వచ్చినప్పుడు చెప్పులు విడిచి చూశారు. పెద్దల్లో ఒకాయన ఏదో ప్రశ్న మొదలుపెట్టాడు.

“ఆయమ్మ చెప్తాంటే నడమ మాట్లాడొద్దు సామీ” అన్నాడు యల్లయ్య మర్యాదగానే. పరిశోధన కొనసాగించాలని విశ్వవిద్యాలయం పెద్దలు అప్పటికప్పుడే తీర్మానించారు. భయంతోనా, ఆ గుడ్డులో చూసినదానితోనా అంటే, రెండోదానితోనేనని మహమూదా ఇప్పటికీ నమ్ముతుంది.

గెస్టుహౌసులో పార్టీ పెద్దలు చీకటి పడేదాకా ఎదురుచూశారు. ఇద్దరిలో ఒక్కడూ రాలేదని, రాజీ కుదరలేదని విలేకరులకు చెప్పి హైదరాబాదు వెళ్లిపోయారు.

పార్సిలు గదిలో చూసిన గుడ్డును మాత్రం కోయవద్దని నాయకులిద్దరూ అడిగారు. మహమూదా దాని మీద పెన్సిలుతో గీత పెట్టి, పొదిగే పెట్టెలో ఉంచింది. పిల్ల బయటికి వచ్చేదాకా ఆ వీధికి కరెంటు పోలేదు. కరెంటాఫీసుకు ఇద్దరిలో ఎవరు ఏం చెప్పారో తెలియదు. పిల్ల మాదంటే మాదని రెండు వర్గాలూ మళ్లీ మొదలుపెట్టడంతో, దాన్ని లింగాలకు, గోవిందమ్మ దగ్గరికి పంపించారు. అక్కడ అది ఎర్రటి పుంజుగా పెరిగింది. ఏ పండగకూ దాన్ని కోయలేదు, ఏ పందెంలోనూ దించలేదు. యల్లయ్య మహమూదా మాట విని కర్నూలు ఆసుపత్రిలో చేరాడు. రెండు వేళ్లు పోయాయి గానీ కాలు మిగిలింది. అంతమాత్రాన కక్షలు ఆగలేదు. ఎన్నికలు అయిపోగానే డ్రమ్ములో నానినవాటి స్థానంలో కొత్తవి వచ్చాయి.

రెండు వర్గాలూ తమవాళ్లని చెప్పుకున్నవాళ్లలో ముసలితనంతో చచ్చిపోయింది ఆ పుంజు ఒక్కటే.